గుండుసూది చప్పుడు

"సైలెంట్ అంటే మంచిదే గద? అల్లరి జెయ్యని పిల్ల అన్నట్టు," అన్నాడు బిక్షపతి, మనవరాలి ప్రోగ్రెస్ కార్డును తిప్పి తిప్పి చూస్తూ.

"ఏం మంచి మామా! నేను గూడ గట్లనే అనుకొని పక్కింటోళ్లకు చెప్పుకొని మురిసిన," అంది కోడలు త్రివేణి. "ఈ చిట్టీ సూడున్రి. అడిగితే నోరు ఇప్పదంట, చెప్పింది రాయదంట. రేపు నన్ను ఉప్పల్ బడికి రమ్మన్నరు. గిట్లనే ఉంటే మళ్ల మూడో తరగతే సదివిపిస్తరంట."

పోయినసారి కార్డులోనూ 'సైలెంట్' అనే రాశారు బడివాళ్లు; ఈసారి దానికి ఆ చిట్టీని గుండుసూదితో గుచ్చి పంపారు. ఇంట్లోకొచ్చిన ఇంగ్లీషు మాట కొత్తల్లుడి లాంటిది, దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. నిన్న సాయంత్రం దాకా 'సైలెంట్' ఆ ఇంట్లో మెప్పు. ఇవాళ అదే నేరం.

నేరస్తురాలు సాయి ప్రియకు ఎనిమిదేళ్లు. కిటికీ కింద కూర్చుని పుస్తకంలోకి వంగి ఏదో రాసుకుంటోంది.

"ప్రియా! ఇటు రా," పిలిచింది త్రివేణి. పిల్ల తలెత్తలేదు. "నిన్నే!" ఊహూ. త్రివేణి వెళ్లి చేతిలో పెన్సిల్ లాక్కుంది.

"సూసిన్రా మామా, ఎంత పొగరో! పొద్దున కుక్కర్ పక్కన్నే కూసోబెట్టి, మూడు విజిల్స్‌కు బంద్ జెయ్యమని చెప్పి నీళ్లకు పోయిన. పప్పు మాడి బొగ్గయింది. మీకేమో వినపడదు, దానికేమో వినబుద్ధి కాదు. మంచిగ దొరికిన్రు నాకు ఇద్దరు!"

వినపడదన్న మాట నిజమే. మల్లాపూర్‌లో రేకులు కొట్టే మిషన్ మీద ముప్పై ఏళ్లు పనిచేశాడు బిక్షపతి. పని మానేసేనాటికి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం మిగిలింది. ఆ సంగతి చాలా ఏళ్లు ఎవరికీ తెలియనివ్వలేదు. సూపర్‌వైజర్ పెదాలు చూసి పని అందుకునేవాడు. నలుగురు నవ్వితే తనూ నవ్వేవాడు. ఏమడిగినా ముందు తలూపేవాడు. తెలిస్తే ఎక్కడ పనిలోంచి తీసేస్తారోనని భయం.

"నువ్వు వంట జూసుకో బిడ్డా, దీన్ని నేను సదివిపిస్త," అని కోడల్ని పంపించి, మనవరాలి ఎదురుగా చాప మీద కూలబడ్డాడు.

దేవుడు కూడా భలే కొంటెవాడు. ఇవాళ్టి హోంవర్క్‌లో వచ్చిన మాట కూడా ఆ 'సైలెంట్'కు చెల్లెలే. 'సైలెన్స్'. అర్థం రాసి, సొంత వాక్యంలో వాడాలి. క్లాసులో రాసిన వాక్యం తప్పయింది, ఇంకోటి రాసుకు రమ్మన్నారు.

"అర్థమేంది బిడ్డా?"

తాత నోట్లో ఎన్ని పళ్లు మిగిలాయో లెక్కపెడుతున్నట్టు చూసి, "నిశ్శబ్దం. మేడం బోర్డు మీద రాసింది," అంది సాయి ప్రియ.

"మరి నువ్వేం రాసినవ్?"

నోట్సు తిప్పి చూపించింది. 'మై క్లాస్ ఈజ్ ఫుల్ ఆఫ్ సైలెన్స్.' దాని మీద అడ్డంగా ఎర్రసిరా గీత.

"అంటే?"

"నా క్లాసు నిండ సైలెన్సే అని."

బిక్షపతి పకపకా నవ్వాడు. "ఓరినీ! యాభైమంది పిల్లలున్న కాడ సైలెన్స్ ఎట్లుంటదే? చేపల మార్కెట్ ఉన్నట్టుంటది గని!"

సాయి ప్రియ కూడా నవ్వింది. తాత నవ్వు ఆగగానే తనూ ఆపేసింది.

"మేడం గూడ అబద్ధమన్నది. అబద్ధం గాదు తాతా," అంది. చెబుతుంటేనే దాని కళ్లలో నీళ్లు తిరిగాయి.

నీళ్లు నిండినా ఆ పిల్ల చూపు తన పెదాల మీదే ఉందని బిక్షపతి గమనించాడు. తర్వాత ప్రోగ్రెస్ కార్డు అందుకుని దానికున్న గుండుసూదిని మెల్లగా ఊడదీశాడు.

"పిన్ డ్రాప్ సైలెన్స్ అంటరు బిడ్డా. మా సూపర్‌వైజర్ మీటింగుల అంటుండె. గుండుసూది కింద పడ్డా దాని సప్పుడు వినపడాలె. గదీ అసలు సైలెన్స్! ఒక ఆట ఆడుదమా?"

సాయి ప్రియ తలూపింది.

"నువ్వు గోడ దిక్కు తిరుగు. నేను సూది ఇడిసినంక నీ భుజం తడ్త. వినపడ్డదో లేదో నిజం చెప్పాలె. వినపడ్డదనుకో, రేపు నేనే బడికొచ్చి మీ మేడంతోని కొట్లాడత. నా మనవరాల్ని మళ్ల మూడుల ఎట్ల కూసోబెడ్తరో సూస్త!"

పిల్ల ముఖం వెలిగింది. గబగబా లేచి గోడవైపు తిరిగి నిలబడింది.

బిక్షపతి ఫ్యాన్ ఆపాడు. వీధి తలుపు మూశాడు. గిన్నెలు కదపవద్దని కోడలికి సైగ చేశాడు. ఈ ముసలాయన ఏం చేస్తున్నాడోనని త్రివేణి వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. అతను చెయ్యి పైకెత్తాడు. గడియారం తప్ప ఇంట్లో ఏదీ చప్పుడు చెయ్యలేదు. కాసేపాగి, రెండో చేత్తో మనవరాలి భుజం తట్టాడు.

సాయి ప్రియ గిర్రున తిరిగింది. ముందు తాత ముఖం చూసింది, ఆ తర్వాత అమ్మ ముఖం చూసింది. ఇంత నోరు చేసుకుని నవ్వింది.

"వినపడ్డది తాతా! టింగుమని పడ్డది! మస్తు వినపడ్డది!"

గడపలో త్రివేణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

గుండుసూది ఇంకా బిక్షపతి వేళ్ల మధ్యే ఉంది.