ప్రాక్టీసుకు వచ్చిన సంపూర్ణమ్మ

“ఎవరి కోసం వచ్చినవ్ ఆంటీ? సూటిగ చెప్పు.”

మెడలో ఈల వేలాడుతుండగా హేమలత బంతిని చంకలో ఇరికించుకుని, కోర్టు పక్కనున్న సిమెంటు మెట్టు ముందు నిలబడింది. మెట్టు మీద గొడుగు నీడలో సంపూర్ణమ్మ తాపీగా పల్లీలు ఒలుచుకుంటోంది. కోర్టులో అమ్మాయిలు చెమటలు కక్కుతూ పరుగులు తీస్తున్నారు.

“గాలి కోసం వచ్చిన బిడ్డా.”

“పాల్వంచల, ఏప్రిల్ నెలల గాలా?”

సంపూర్ణమ్మ నవ్వేసింది. మణుగూరు నుంచి కొత్తగూడెం దాకా చర్చి కుటుంబాలకు సంబంధాలు కుదిర్చేది ఆమే. పోయినేడాది కూడా ఇదే మెట్టు మీద కూర్చుని ఇలాగే గాలి పీల్చుకుంది. సీజన్ మొదలయ్యేసరికి ఈ మహిళా డిగ్రీ కాలేజీ బాస్కెట్‌బాల్ టీములో ముగ్గురికి పెళ్లిళ్లయిపోయాయి. మార్చడానికి ఒక్క మనిషి కూడా లేకుండా, మిగిలిన ఐదుగురినే వెంటబెట్టుకుని కోచ్ హేమలత ఖమ్మం వెళ్లింది. మూడో క్వార్టర్‌లో ఒకమ్మాయి కాలు బెణికింది. ఆట నలుగురితో ముగిసింది.

“వచ్చే సీజన్‌కు నిండు టీము లేకపోతే కోర్టు తీసేసి స్కూటర్ స్టాండ్ కట్టిస్తా” అన్నాడు ప్రిన్సిపాల్. ఆయన ఉత్తుత్తి బెదిరింపులు బెదిరించే మనిషి కాదు.

అందుకే ఎవరిని ముందు దింపాలి, ఎవరిని ఎప్పుడు మార్చాలి అని హేమలత ఇప్పటినుంచే లెక్కలు వేసుకుంటోంది. ఆ లెక్కను తలకిందులు చేయగలిగిన మనిషి మాత్రం ఎదురుగా పల్లీలు తింటోంది.

హేమలత వెళ్లి సంపూర్ణమ్మ పక్కన కూర్చుంది. కూర్చున్నా గొడుగు అంచు హేమలత నుదుటికి తగిలింది.

“పిలగాడు ఎవరాంటీ?”

“జాషువా. కరెంటు ప్లాంటుల ఇంజనీరు, షిఫ్టు డ్యూటీ. మంచోడు. వాళ్లమ్మకు ఎత్తుగల్ల కోడలు కావాల్నట.”

హేమలత గబుక్కున కోర్టు వంక చూసింది. టీములో అందరికంటే ఎత్తు స్తుతి. రింగు కింద నిలబడి బంతి అందుకోవాల్సింది ఆ పిల్లే. ఇక మొహమాటపడితే లాభం లేదు.

“స్తుతా? వద్దాంటీ! బస్సెక్కితె నిద్ర. నిద్రపోతె చొల్లు. మొన్న ఖమ్మం నుంచి వచ్చేసరికి భుజమంత తడి.”

“ఎవరి భుజం?”

“నాదే. ఇంకెవరిది?”

“లేపకపోయినవా?”

“ఆడి అలిసిన పిల్లను ఎట్ల లేపుత?”

సంపూర్ణమ్మ ఇంకో పల్లీ ఒలిచింది. “గా పొట్టి జడ పిల్ల?”

“తబితా. ఉట్టి కోపిష్టిది. పోయినసారి రిఫరీ మీదికి చెయ్యెత్తింది.”

“అయ్యో! కొట్టిందా?”

“నేను అడ్డం పడ్డ. దెబ్బ నాకు తగిలింది.”

“మరి నువ్వేం జేసినవ్?”

“ఏం జేస్త? నాకంటె ఎక్కువ అదే ఏడ్సింది. ఐస్‌క్రీం తినిపించి ఊకోబెట్టిన.”

“గా మూలకున్న పిల్ల?”

“శ్యామల. మన చర్చి పిల్ల కాదు. పినపాక అవతల అడవిల ఊరు.”

“ఊరికెనే అడుగుతున్న, చెప్పు.”

“వాళ్ల నాయన పగిడయ్య ఇప్పపువ్వు ఏరెటందుకు మనుషులు లేరని పిల్లను తోల్కపోయిండు. నేను వెనకనే పోయిన.”

“లొల్లి పెట్టినవా?”

“లేదు. తెల్లారి లేచి నేను కూడ వంగి ఏరిన. నడుము పడిపోయింది. పగిడయ్య నన్ను జూసి నవ్వి, ‘జల్దీ తీస్కపో టీచరమ్మా, నువ్వు ఏరితె పువ్వంత నలుగుతున్నది’ అన్నడు.”

సంపూర్ణమ్మ పల్లీ గొంతుకు అడ్డం పడేంతగా నవ్వింది. హేమలతే ఆమె వీపు మీద చరిచి నీళ్లు తాగించింది.

“అసలు నీ గుబులేంది బిడ్డా?”

“చూడాంటీ. స్తుతి ఎత్తే గానీ నాలుగు క్వార్టర్లు ఉరకలేదు. రెండో దాంట్ల శ్యామల దిగాలె. తబితాకు కోపం రాకముందే బయటికి పిలవాలె, చల్లబడినంక మళ్ల పంపాలె. ఒక్కరు పోయినా అంత కూలిపోతది.”

“ప్లాంటుల షిఫ్టుల లెక్కనే ఉన్నదే! ఇంత తిరుగుడుల తిండెక్కడ తింటవ్?”

“హాస్టల్‌ల, పిల్లల తోటే. అది కాదాంటీ, ఆ జాషువాను ఒక్క ఏడాది ఆగమను. నీ కాళ్లు మొక్కుత.”

సంపూర్ణమ్మ కోర్టు వంక చూసింది. తర్వాత హేమలత వంక చూసింది.

“సరే. దేవుని సాక్షిగ చెప్తున్న. వచ్చే సీజన్ అయ్యేదాక నీ టీముల ఒక్క పిల్లకు గూడ సంబంధం చూడ. సరేనా?”

“ఒట్టేనా?”

“ఒట్టు. ఇంగ పో, ఆడిపియ్యి.”

హేమలత ఆమెను గట్టిగా వాటేసుకుని, ఒక్క గెంతులో కోర్టులోకి ఉరికింది. “స్తుతీ! గదేం నడకే, పెళ్లి ఊరేగింపా? ఉరుకు!”

సంపూర్ణమ్మ గొడుగు పట్టుకుని గేటు దాటింది. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని జాషువా తల్లికి ఫోన్ కలిపింది.

“వదినా, పిల్ల దొరికింది. ఎత్తుంది, ఓర్పుంది. ఆదివారం చర్చి అయినంక పిల్లను అడుగుత. ఆమె సరేనంటెనే ముందటికి పోదాం.”

“పెళ్లైనంక ఈ ఆట గీట బంద్ పెడ్తదా?”

“పెట్టది. పెట్టమని మీరు అడుగొద్దు. మాటిచ్చిన నేను.”

అంతలో కోర్టు లోపలి నుంచి చెవులు చిల్లులు పడేలా ఒక కూత వినిపించింది.

“అదేం చప్పుడు సంపూర్ణా?”

“మీ కోడలే వదినా, ఈల ఊదుతున్నది.”