వయసు రుజువు

జంపక్క వెదురు గొట్టంలోంచి కాగితం లాగి, బడి అరుగు మీద కూర్చున్న లాలి ముందు పరిచింది.

"పింఛనుకు వయసు రుజువన్నవు గద బిడ్డా. సర్కారు కాగితం ఏదైనా సరేనంటివి."

లాలి వాళ్ల తండాలో డిగ్రీ దాకా చదివిన మొదటి పిల్ల. సంఘం తరఫున గూడెం గూడెం తిరిగి ముసలివాళ్ల పింఛను ఫారాలు నింపుతోంది.

"డెబ్బై నాలుగులో యాభై ఏండ్లని రాసుంది. ఇప్పుడు ఎనభై తొమ్మిది. పదిహేనేండ్లు కలిపితే అరవై ఐదు. వస్తది అవ్వా," అంది సంబరంగా.

"గార్డు నన్ను అడగనే లేదు. తెల్ల ఎంటికలు జూసి యాభై అని ఏస్కున్నడు."

లాలి నవ్వబోయి, పై వరసలు చదివి ఆగిపోయింది. అది అడవి కొట్టి పోడు చేసినందుకు ఫారెస్టు గార్డు జంపక్క మీద పెట్టిన కేసు కాగితం.

"ఇది ఆఫీసులో ఇస్తే, చేను అడవిదేనని నువ్వే ఒప్పుకున్నట్టయితది. గుంజుకుంటరు. ఇంకో కాగితం లేదా?"

"సర్కారు మా ఇంటికొచ్చి నా పేరు రాసుకున్నది గా ఒక్కసారే."

లాలి ఫారం పక్కన పెట్టింది. "వద్దవ్వా. దాచుకో."

జంపక్క కాగితాన్ని చుట్టింది గాని లేవలేదు. అరుగు కింద పొద్దుటి నుంచి వరస కట్టి నిలబడ్డ ముసలివాళ్ల వైపు చూసింది.

"మరి వాళ్లకేం జెప్తవ్ బిడ్డా? పోతయ్య, కన్నమ్మ, అందరు గదే తెచ్చిండ్రు."