గుంతలోంచి లేవనివాళ్లు

పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే వేదిక మీద గుంత మగ్గం వెలిసింది.

ధర్మవరంలో ఆ కల్యాణ మండపాన్ని వారం రోజులకు అద్దెకు తీసుకున్నది శ్రుతి. చెక్కలతో వేదికను మోకాటి ఎత్తు లేపించి, నడుమ గుంత చేయించి, పంపుతో అందులోకి నీళ్లు వచ్చేలా పెట్టించింది.

మగ్గం బిగించింది ఆ ఊరి నేతగాడు నాగప్ప. బిగించినన్నాళ్లూ ఆ పిల్లతో మంచి మాట ఒక్కటి మాట్లాడలేదు.

శ్రుతి హిందూపురం పిల్లే. బెంగళూరులో చదువుకుంది. వాతావరణం మారిపోతోందని ఊరికే చెబితే ఎవరూ వినరు కాబట్టి, ఆటలు తయారుచేసి జనం చేత ఆడించడం ఆమె ఉద్యోగం.

ఈ ఆటలో మగ్గం ముందు కూర్చుని గుంతలో కాళ్లు పెట్టాలి. వాన చప్పుడు మొదలవుతుంది. నీళ్లు పైకి వస్తాయి. నిమిషంలోగా లేచి బయటికి వస్తే ఎదురుగా తెర మీద పచ్చ దీపం వెలిగి, గెలిచారు అని పడుతుంది. రాకపోతే ఎర్ర దీపం.

"వానొస్తే గుంతలోకి నీళ్లొస్తాయని మాకు నేర్పేకి బెంగళూరు నుంచి వచ్చినావా పాపా?" అన్నాడు నాగప్ప మొదటి రోజే.

"మీకు కాదు అంకుల్. చూడ్డానికి వచ్చేవాళ్లకి."

"మేం మునిగితే వాళ్లకు తమాషా. కానీ, కానీ."

ఈ రోజు తొలి పరీక్ష.

ముందు కాలేజీ పిల్లలు ఎక్కారు. నీళ్లు మడమలు తాకీ తాకకముందే కెవ్వుమని లేచి వచ్చేశారు. అందరికీ పచ్చ దీపమే. నవ్వుకుంటూ ఫోటోలు దిగారు.

తర్వాత నేతగాళ్ల వంతు.

నాగప్ప వీధిలోనే ఉండే చాముండేశ్వరి కూర్చుంది. ముప్పై ఏళ్లుగా నేస్తున్న చెయ్యి. పడుగు దారం మీద వేలు పెట్టగానే అది పట్టు కాదని, ఉత్త నూలని తెలిసిపోయింది.

నీళ్లు వచ్చాయి.

ఆమె బయటికి రాలేదు. గుంతలోనే నిలబడి, దారాలు తడవకుండా పడుగును రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది.

ఎర్ర దీపం. ఓడిపోయారు.

ఆమె తర్వాత ఇంకో ఎనిమిది మంది. ఎనిమిది మందీ పడుగే పట్టుకున్నారు. ఉత్త నూలని అందరికీ తెలుసు, అయినా ఎవరి చేతులూ ఊరుకోలేదు.

తొమ్మిదో ఎర్ర దీపానికి మండపంలో గొడవ మొదలైంది.

"యాడ ఓడిపోయినాం? పడుగు తడిసిందా? కండ్లు కనపడవా మీ టీవీకి?"

"మమ్మల్ని పిలిపించి నగుబాటు చేస్తాండారా?"

శ్రుతికి ఒళ్లు మండింది. ఆరు నెలల పని కళ్లముందే మట్టి కొట్టుకుపోతోంది. కోపంలో హిందూపురం మాట వచ్చేసింది.

"నీళ్లు వస్తాంటే లేసి రావాల గదా! పట్టు కోసం ఎవరన్నా ప్రాణం మీదికి తెచ్చుకుంటారా? ఆ మాత్రం తెలివి లేదా మీకు?"

అందరూ నాగప్ప వైపు చూశారు.

చాముండేశ్వరి తడి కాళ్లతోనే శ్రుతి మీదికి వెళ్లింది.

"పోయినేడు అక్టోబర్లో వంక పొంగి మా వీధిలోకి నీళ్లొచ్చె. ఈయప్ప పెండ్లాం భాగ్య గుంతలో నిలబడి పడుగు పట్టుకోనుండాది. పోయిన కరెంటు మళ్లా వచ్చె. మగ్గం మోటారు వైరు నీళ్లల్లో పడి ఉండె. ఆడే పాయ మనిషి. భాగ్యకు తెలివి లేదంటావా? చెప్పు!"

శ్రుతి నాగప్ప వైపు తిరిగింది.

నాగప్ప పళ్లు కొరుక్కున్నాడు. ఏడాదిగా వింటున్నదే ఇదంతా. నేతగాళ్ల సంఘం ఆఫీసులో భాగ్య ఫోటోకి దండ వేశారు. పట్టు కోసం ప్రాణమిచ్చిన తల్లి అని మైకులో చెప్పారు. చెప్పిన ప్రతిసారీ అతను తల ఊపాడు. ఊపిన ప్రతిసారీ తన మీద తనకే అసహ్యం పుట్టింది.

"తప్పయిపోయింది అంకుల్. నిజంగా నాకు తెలీదు," అంది శ్రుతి. "ఆట మార్చేస్తా. పడుగు కాపాడినవాళ్లకే పచ్చ దీపం వచ్చేలా పెడతా. ఈ రోజే."

"అట్ల చెయ్యి," అంది చాముండేశ్వరి. "భాగ్య పేరే పెట్టు దానికి."

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. మిగతావాళ్లూ అందుకున్నారు.

"మార్చొద్దు," అన్నాడు నాగప్ప.

చప్పట్లు ఆగాయి.

"ఏమప్పా, నీ పెండ్లాం ఓడిపోయిందని ఊరంతా చూడాల్నా?" చాముండేశ్వరి అరిచింది. "మనిషివేనా నువ్వు?"

"నువ్వు నోరు మూసుకో. నీకేం తెలుసని?"

అతను వేదిక ఎక్కాడు. పంపు ఎవరూ ఆపలేదు. నీళ్లు నిండి అంచు దాటి కారుతున్నాయి.

శ్రుతి వైపు తిరగకుండానే మాట్లాడాడు.

"లేసినోళ్లకే పచ్చ దీపం ఉండనీ పాపా."

"అంకుల్..."

"భాగ్య లేసింది. బయటికొచ్చి గడప కాడ నిలబడింది. పడుగు తడుస్తాంది, మళ్లా దిగి పట్టుకోమని చెప్పింది నేను."