ఒక్కడి క్లాసు

“క్లాసంతా నిద్రపోతే నేనెవురికి చెప్పాలప్పా?”

గంగాధరప్ప సారు డస్టరుతో బల్ల మీద కొట్టేసరికి క్లాసంతా ఉలిక్కిపడి లేచింది. క్లాసంటే కిషోర్ ఒక్కడే.

పెనుకొండ కొండ కింద ఉన్న ఆ చిన్న యూనివర్సిటీ ప్రతి విద్యార్థి మీదా ప్రత్యేక శ్రద్ధ పెడతామని గొప్పగా చెప్పుకుంటుంది. మిగతా కోర్సుల్లో ఆ శ్రద్ధను ముప్ఫై మంది పంచుకుంటారు. శాసనాల కోర్సులో మాత్రం మొత్తం కిషోర్ నెత్తినే పడింది. ఫస్టు ర్యాంకూ వాడిదే, లాస్టు ర్యాంకూ వాడిదే. వాడు హిందూపురంలో సినిమాకు పోతే క్లాసు మొత్తం డుమ్మా కొట్టినట్టే. జ్వరమొస్తే సారు మాత్రలతో పాటు పాఠాన్ని కూడా హాస్టల్‌కు పట్టుకొస్తారు. వెనక బెంచీలో కూర్చుని తప్పించుకుందామన్నా లాభం లేదు, సారు కుర్చీ ఎత్తుకుని అక్కడికే వచ్చేస్తారు. హాజరు పిలిచేటప్పుడైతే మరీనూ. కళ్ళజోడు సవరించుకుని పేరు చదివి, తలెత్తి గదంతా వెతికి మరీ చూస్తారు.

సారు మంచివారు కాదని ఎవరంటారు? వారానికొకసారి ధర్మవరంలో ఇంటికి పోయి వస్తూ తెచ్చే ఓళిగల్లో, అదే బొబ్బట్లలో, సగం వాడికే పెడతారు. కానీ ఓళిగల కోసం ఎన్నాళ్ళని రాళ్ళ మీద రాతలు చదువుతాడు? కామర్స్‌లోకి మారిపోవాలని వాడు గట్టిగా నిశ్చయించుకున్నాడు. మారడానికి ఆ రోజే ఆఖరు. సాయంత్రం నాలుగింటిలోగా సారు సంతకంతో అర్జీ ఆఫీసులో ఇవ్వాలి.

మధ్యాహ్నం వరండాలో అటెండరు కుళ్ళాయమ్మ అడ్డం తగిలింది.

“ఏమప్పా, కామర్సుకు పోతాండావంట?”

“నీకెవురు చెప్పినారక్కా?”

“ఎవురో ఒకరు చెప్తార్లే. నువ్వు పోతే మీ క్లాసు మూసేస్తారంట. క్లాసే లేకుంటే సారును ఈడ పెట్టుకోని ఏం చేస్తారు? పోయి రమ్మంటారు. పాపం, ఈ వయసులో ఆయప్ప యాడికని పోతాడు?”

ఈ సంగతి కిషోర్‌కు అంతవరకూ తట్టనే లేదు. తన హాయి చూసుకుంటే ఒక పెద్దాయన ఉద్యోగం పోతుంది. చూసుకోకపోతే ఇంకో రెండేళ్ళు తనకీ కష్టం తప్పదు. కాళ్ళీడ్చుకుంటూ క్లాసుకు పోయాడు.

“సార్, ఒక మాట…”

“కామర్సు సంగతేనా? తీయప్పా అర్జీ, యాడ సంతకం పెట్టాల?” సారు అప్పటికే కలం మూత తీసి పట్టుకున్నారు.

కిషోర్ నిర్ఘాంతపోయాడు. “మీకు కోపం లేదా సార్?”

“కోపమెందుకు? కామర్సంటే బంగారట్లా చదువు. బ్యాంకుల్లో ఉద్యోగాలొస్తాయి. ఈ రాళ్ళతో నీకేమొస్తుంది చెప్పు? నా గురించి నువ్వేమీ ఆలోచన చేయొద్దు. నాకేం కాదు. హాయిగా పో.”

సారు నవ్వారు. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా తన మేలే కోరుతున్నారే! ఇలాంటి మనిషిని వీధిన పడేసి తాను ఏ ముఖం పెట్టుకుని కామర్స్ చదువుతాడు?

“వద్దులే సార్. నేను పోను.”

సారు చేతిలో కలం ఆగిపోయింది. ఆనందం పట్టలేకే ఆగిందని కిషోర్‌కు అర్థమైంది.

“తొందరపడొద్దప్పా,” అన్నారు. “ఇంకా టైముండాది. నీ స్నేహితుడు దినేషు కూడా ఆడనే ఉండాడు కదా, నీకు తోడు.”

“మీరుండగా నాకింకో తోడెందుకు సార్?”

“నిజం చెప్పాలంటే నాకు పాఠం చెప్పేది కూడా సరిగ్గా రాదు. నీకు రోజూ నిద్రొస్తాంది కదా!”

“అది నిద్ర కాదు సార్. కండ్లు మూసుకుంటేనే నాకు పాఠం బాగా ఎక్కేది.”

అంత పచ్చి అబద్ధం కిషోర్ పుట్టి బుద్ధెరిగాక ఆడలేదు. ఆడాక మాత్రం ఊపొచ్చేసింది. “శాసనాలంటే నాకు పానం సార్!” అంటూ అర్జీని పరపరా చింపేశాడు.

సారు “అయ్యయ్యో” అని చెయ్యి చాపారు గానీ అప్పటికే అది ముక్కలు ముక్కలై కింద పడింది. ఆయన ఆ ముక్కల వంక చాలాసేపు చూశారు.

“నీకింత ఇష్టమని నాకు తెలీదప్పా,” అన్నారు మెల్లగా. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి చూసి కిషోర్‌కూ తిరిగాయి.

వాడు ఛాతీ పొంగించుకుని బయటికి నడిచాడు. పుట్టి ఇన్నేళ్ళకు ఒక మనిషిని నిలబెట్టానని వాడికి ఎంతో తృప్తిగా ఉంది. గేటు దాకా పోయాక సంచీ క్లాసులోనే మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. అప్పటికి నాలుగు దాటింది, ఆఫీసు కిటికీ మూసేశారు.

క్లాసు తలుపు ఓరగా వేసి ఉంది. లోపల సారు ధర్మవరంలో ఉన్న భార్యతో ఫోనులో మాట్లాడుతున్నారు.

“కుదర్లేదే. మనింటి పక్క కాలేజీ వాళ్ళకు నేను రానని చెప్పేయ్. వాడు కామర్సుకు పోతే చాలు, ఆ ఉద్యోగంలో చేరి రోజూ నీ చేతి అన్నం తినొచ్చని ఏడాదిగా కాసుకోనుంటి… ఇంతగా నమ్ముకున్న పిల్లోణ్ణి నడిమధ్యలో ఇడిసిపెట్టి ఎట్ల వచ్చేది?”