గురువారం దురద

మొదట ఎడమ ముంజేతి మీద కందిగింజంత మచ్చ. వారానికి అది అరచేయంత అయింది. నెల తిరిగేసరికి రెండు ముంజేతులూ ఎర్రగా పొక్కి, అది మోచేతుల దాకా పాకింది. దురద మామూలుది కాదు. తలుపు అంచుకు చెయ్యి రుద్దుకుంటూ ఆయన అక్కడే నిలబడిపోయేవాడు.

ఎందుకు వచ్చిందో అంతు పట్టడం లేదు. దురద కంటే అదే ఆయనకు ఎక్కువ మంట.

“కొత్త సబ్బు మానేశారా?” అంది భార్య.

“మానేశాను.”

“గడియారం?”

“తీసి పెట్టెలో పడేశాను.”

“వంకాయ?”

“నువ్వు వండితే కదా.”

“మా తమ్ముడు కుట్టించిన చొక్కా?”

“అది తొడుక్కోకముందే మానేశాను.”

ఆమె మూతి తిప్పింది. “ఇంకేం, మా అమ్మ వచ్చినప్పటి నుంచే అంటారు.”

“నేనేం అనలేదు. తేదీలు లెక్కేసుకుంటే నువ్వే అంటావు.”

పైకి ఇలా మాట్లాడుకుంటున్నారు గానీ లోపల ఇద్దరికీ గుబులే. ఆయనది మనుషులను ముట్టుకుని చేసే పని. రోజూ పాతిక ముప్ఫై మంది ఆయన ఎదుట కుర్చీలో కూర్చుని, ఆ చేతుల మీద నమ్మకంతో మొహం, మెడ అప్పగిస్తారు. ఆ చేతులే ఇలా ఉన్నాయని తెలిస్తే మర్నాటి నుంచి గుమ్మం తొక్కే నాథుడు ఉండడు. ఇరవై రెండేళ్ళుగా కూడబెట్టుకున్న పేరు. ఇంట్లో మరో సంపాదన లేదు.

అందుకని మండుటెండలోనూ పొడుగు చేతుల చొక్కా వేసి మణికట్టు దగ్గర గుండీలు బిగించాడు. మనుషులు లేనప్పుడు చేతులు బల్ల కిందికి పోనిచ్చి గోక్కునేవాడు. ఎవరైనా వస్తే ఏదో వెతుకుతున్నట్టు సొరుగు లాగేవాడు.

తనకు తెలిసిన పూతలన్నీ పూశాడు. తెలిసినవాటికి లొంగే రకం కాదది.

సొంత ఊళ్ళో చూపించుకునే దారి లేదు. రెండున్నర గంటల దూరంలో ఇంకో ఊరుంది. అక్కడ చర్మం డాక్టరు ఒకాయన ఉన్నాడు. హస్తవాసి మంచిదని పేరు. ఈ ఊరికీ ఆ ఊరికీ నేరుగా తిరిగే బస్సు గురువారం మాత్రమే. మిగతా రోజుల్లో అయితే రెండుచోట్ల దిగి మారాలి. దిగినచోటల్లా తెలిసిన మొహాలే.

గురువారం పొద్దున్నే తన దగ్గర పనిచేసే నడివయసు మనిషితో, “దూరపు చుట్టం మంచాన పడ్డాడు. చూసొస్తా. వచ్చినవాళ్ళని రేపు రమ్మను” అని చెప్పి బయల్దేరాడు.

దారిలో ఇరుకు వంతెన. ఎదురు బస్సు దాటేదాకా వీళ్ళ బస్సు ఆగింది. ఎవరైనా గుర్తుపడతారేమోనని ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఎదురు బస్సులో కిటికీ దగ్గర కూర్చున్న పెద్దమనిషి కూడా తిప్పుకున్నాడు. లోకంలో ఎవరి తిప్పలు వాళ్ళవి.

తీరా వెళ్తే డాక్టరు లేడు. ఏదో పని మీద వెళ్ళాడట.

రెండో గురువారమూ వెళ్ళాడు. లేడు.

మూడో గురువారానికి ఎరుపు మణికట్టు దాటింది. ఇంకో వారం పోతే ఏ చొక్కా దాచలేదు. ఈసారి తాడో పేడో తేల్చుకుందామని ఆ డాక్టరు గుమ్మం ముందు బెంచీ మీద కూర్చున్నాడు. పూతమందు డబ్బా కోసం వచ్చిన ముసలావిడ ఒకామె పక్కనే ఉంది. ఆయన అవస్థ కాసేపు చూసింది.

“ఏదీ, చూడనీ నాయనా.”

“ఏం లేదమ్మా.”

“ఏం లేకపోతే బెంచీకేసి రుద్దుకుంటున్నావెందుకు? పైకి లాగు.” తనే లాగేసింది. “అబ్బో. ఏం పని చేస్తావేంటి?”

ఆయన చొక్కా చెయ్యి మళ్ళీ కిందికి లాక్కున్నాడు.

“జుట్టు కత్తిరిస్తావా?”

“లేదు.”

“వంట చేస్తావా? చేస్తే ఆ హోటలెక్కడో చెప్పు, అటు రాకుండా ఉంటా.”

“వంటా కాదమ్మా.”

“చెప్పుకోలేని పనా అయితే?” అంటూ జానెడు పక్కకు జరిగింది. మనసు ఆగక మళ్ళీ దగ్గరకొచ్చింది. “సిగ్గుపడకు. మా డాక్టరు ఒక్కసారి చూశాడంటే జబ్బు ఎక్కడ పుట్టిందో చెప్పేస్తాడు.”

“చూస్తేనే కదా.”

“అదేలే. ఈ మధ్య గురువారం వస్తే చాలు, మనిషి జాడ ఉండడం లేదు. ఏం పనులో ఏమో.”

తిరుగు బస్సు వేళయింది. ఆయన లేచాడు.

ఇంటికి రాగానే భార్య చేతులు చూసింది, మొహం చూసింది. “రేపటికెలా మరి?” అంది.

“ఎలా ఏముంది. వెళ్ళాలి, కూర్చోవాలి, నవ్వాలి.”

శుక్రవారం పొద్దున ఆయన గుండీలు బిగించుకుని తన కుర్చీలో కూర్చోగానే, ఆ నడివయసు కాంపౌండరు తలుపు దగ్గరగా వేసి మెల్లగా, “డాక్టరుగారూ, చర్మానికి మీ అంత హస్తవాసి ఎవరికీ లేదని విని మూడు వారాలుగా గురువారం బస్సులో ఒకాయన చేతులు గోక్కుంటూ వస్తున్నాడండీ, ఏం పని చేస్తారంటే చెప్పడు, నిన్న మాత్రం విసుగెత్తి బల్ల మీది మీ మందుచీటీల పుస్తకం లాక్కుని మందు తనకు తనే రాసుకుపోయాడు” అన్నాడు.