ఇంటికొక రోజు చల్లదనం

హాజరైనవారు, వరుసగా: సంఘాధ్యక్షులు నిడమర్తి సర్వోత్తమరావు గారు, కింది ఫ్లాటు మస్తాన్‌బీ, పై ఫ్లాటు కోటంరాజు గారు, చివరగా మరమ్మతు యంత్రం. మీటర్ల ప్యానెల్ కాలిపోవడంతో అధ్యక్షులవారి భార్య హైమవతి గారు లిఫ్టులో చిక్కుకున్నారు.

అత్యవసర మరమ్మతుకు ప్రతి ఇల్లూ తన బ్యాటరీలో దాచుకున్న ఒక రోజు చల్లదనాన్ని, అంటే ఒక రోజంతా ఏసీ నడిచే కరెంటును, చెల్లించాలి. యజమానులందరూ స్వయంగా ఒప్పుకుంటేనే పని మొదలవుతుంది. ఆ నిబంధన రాసింది సర్వోత్తమరావు గారే. మిగతా ఇద్దరూ ఒప్పుకున్నాక ఆయన దర్జాగా చెయ్యెత్తారు. యంత్రం కదలలేదు.

"మీ ఫ్లాటు హైమవతి గారి పేరున ఉందండీ. వారి నోటిమాట కావాలి."

బెజవాడ మే నెల ఎండకు లిఫ్టు తలుపు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. ఆయన తలుపు సందు దగ్గరికి వంగి కేకేశారు.

"హైమా, ఒప్పుకున్నానని గట్టిగా చెప్పవే!"

"మీటింగులకి మీరొక్కరే చాలన్నారుగా?" లోపలినుంచి ఆయాసంతో కూడిన నవ్వు వినిపించింది. "సరే, ఒప్పుకున్నా. మస్తాన్‌బీ ఇంట్లో పసిబిడ్డ ఉంది. వాళ్ళ వాటా కూడా మాదే రాయండి."

"వద్దక్కా! మరి మీకో?"

"నువ్వూరుకోవే. రెండ్రోజులు ఈయన విసురుతారులే."

యంత్రం పనిలోకి దిగింది.

ఆ సాయంత్రం సర్వోత్తమరావు గారు ఎడమచేత్తో భార్యకు విసురుతూ, కుడిచేత్తో మినిట్స్ ముగించారు: "లిఫ్టులో నుంచే సమావేశానికి హాజరై, పొరుగింటి బిడ్డకు తన ఇంటి చల్లదనాన్ని ఇచ్చిన శ్రీమతి హైమవతి గారికి సంఘం సవినయంగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నది."