నీటిదున్న

"దున్నపోతంత వీపు," అన్నాడు పడవాయన, బల్లేనికి సాన పెడుతూ. "నల్లగా, నిగనిగలాడుతూ."

వంటింట్లో గిన్నె దభీమంది.

"మంచులో ఏదో చూసుంటావు," అంది లోపల్నుంచి పెళ్ళాం.

"మూడుసార్లు చూశానే. మొదటి ట్రిప్పుకి పడవ విప్పుతుంటే కనపడింది. బుస్సుబుస్సుమని ఊపిరి. మెడ నిండా జూలు. మా తాత చెప్పింది చెప్పినట్టే ఉంది."

ఆ సరస్సులో నీటిదున్న ఉందన్నది తాతల నాటి మాట. పడవలు బోర్లేస్తుందట, మనుషుల్ని మింగుతుందట. కళ్ళారా చూసిన మొనగాడు మాత్రం ఇన్నాళ్ళకి ఈయనొక్కడే. ఇప్పుడు రేవులో ఈయన చెప్పిందే వేదం. రేపు తెల్లారగట్ల వేట. ముందు పడవ ఈయనది, మొదటి బల్లెం ఈయనది.

తలకి చుట్టిన తువ్వాలుతోనే బయటికొచ్చింది ఆమె.

"చూడలేదని చెప్పెయ్."

"మాట తిరగేస్తే రేవులో తలెత్తుకోగలనా?"

"కనపడ్డదాన్నల్లా పొడిచేస్తావా? అది నిన్నేం చేసింది?"

"దున్న మీద అంత జాలేంటే? నీకేమన్నా అక్కా, చెల్లా?" అని నవ్వాడు.

ఆయనంతే. ముప్పై ఏళ్ళుగా ఆమె ఏం చెప్పినా ముందు నవ్వు, తర్వాతే చెవి.

"ఆడదో మగదో అయినా చూశావా?"

"చూడాలా? ఆ వికారం, ఆ రొప్పు... మగదే."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. బల్లెం లాక్కుంది.

"ముప్పై ఏళ్ళు కాపురం చేశావు. ఈ కళ్ళేసుకుని ఏం చూశావో ఆ నీళ్ళకే తెలియాలి."

కర్రని మోకాలికేసి ఫెళ్ళున విరిచింది.

ఆయన నోరెళ్ళబెట్టాడు. మొన్నటిదాకా గడప దాటాలన్నా గోడ పట్టుకున్న మనిషి.

"నీ మోకాళ్ళు ఎప్పుడు బాగయ్యాయే?"

"ఇప్పుడా అడిగేది?"

ఆయన గొణుక్కుంటూ లేచి, ఇంకో బల్లెం అడగడానికి పక్కింటికి పోయాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళి తువ్వాలు విప్పి, మోకాళ్ళకి ఈత మంచిదన్న డాక్టరు మాటకి మొగుడు పగలబడి నవ్విన మర్నాటి నుంచి రోజూ తెల్లారగట్ల జుట్టులో చిక్కుకుంటున్న నాచుని పీకి, పొయ్యిలోకి విసిరింది.